వైర్‌లెస్ మౌస్ పోయిందనుకుంటున్నారా? ముందు డాంగిల్ ఎక్కడుందో చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో లాప్‌టాప్‌లు రిపేరు చేస్తుంటాను. సరిహద్దు దాటితే ఆంధ్రలోని పాతపట్నం, అక్కడినుంచి కూడా వస్తారు. "మౌస్ పోయింది" అని తెచ్చేవాటిలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు.

అపోహ: కర్సర్ ఆగి ఆగి కదిలితే మౌస్ పాడైనట్టే.

మొన్న డిగ్రీ చదివే కుర్రాడొకడు వచ్చి "ఏటన్నా ఇది, కొని నెల్లాళ్లు అవలేదు" అన్నాడు. చూస్తే డాంగిల్‌ను (మౌస్ సంకేతాలు అందుకోవడానికి లాప్‌టాప్‌కు గుచ్చే బుల్లి ముక్క) ఆనుకునే ఉన్న పోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, దాంట్లోకి సినిమాలు కాపీ అవుతున్నాయి. మౌస్, డాంగిల్ మాట్లాడుకునేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, ఆ హార్డ్ డిస్క్ వాడే యూఎస్‌బీ 3.0లో డేటా పారుతున్నప్పుడు పుట్టే రేడియో రొద కూడా సరిగ్గా అక్కడిదాకా వ్యాపిస్తుంది, అందులో పాపం మౌస్ గొంతు వినబడదు. ఇది నా సొంత కవిత్వం కాదు, 2012లోనే ఇంటెల్ ఈ గొడవ మీద ఒక పత్రం విడుదల చేసింది. డాంగిల్ తీసి అవతలివైపు పోర్టులో పెట్టాను, అంతే. అక్కడా కుదరకపోతే చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు వేసి డాంగిల్‌ను మౌస్ దగ్గరకు తెచ్చుకోండి. కుర్రాడి దగ్గర డబ్బులు తీసుకోలేదు, టీ మాత్రం తాగించాడు.

అపోహ: ఎర్ర లైటు వెలుగుతోంది, అయినా కదలట్లేదు, కాబట్టి సెన్సర్ పోయింది.

మీ బల్ల గాజుదా? నా కౌంటరూ గాజుదే, దానిమీద పెట్టి చూసి కంగారుపడేవాళ్లు వారానికొకరు తగులుతారు. మౌస్ అడుగున చిన్న కెమెరా లాంటిది ఉంటుంది, కింద ఉన్న గరుకును సెకనుకు వందలసార్లు, వేలసార్లు ఫొటో తీసి పోల్చుకుంటూ ఎటు కదిలిందో లెక్కేస్తుంది. నున్నటి గాజులో దానికి ఏం కనపడుతుంది? కింద పేపరు పరవండి. ఒడియా పేపరైనా తెలుగు పేపరైనా దానికి ఒకటే.

అపోహ: డాంగిల్ పోతే ఇంకోటి కొనుక్కుంటే సరి.

సరిపోదు. మౌస్, డాంగిల్ జతగా కట్టి పంపుతారు, పక్కింటివాళ్లది తెచ్చి గుచ్చితే పలకదు. లాజిటెక్ కంపెనీవాళ్ల "యూనిఫైయింగ్" గుర్తున్న వాటిని సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ జత చేయొచ్చు, ఒక్క డాంగిల్‌కు 6 పరికరాల దాకా. చవక మౌస్‌లకు ఆ భాగ్యం లేదు. అసలు "బాక్సులో డాంగిల్ ఇవ్వలేదు" అని కొన్న షాపుతో తగువుకెళ్లేముందు మౌస్ కింద మూత తీయండి, చాలావాటిలో సెల్ పక్కనే దూరి కూర్చుని ఉంటుంది.

అపోహ: బ్లూటూత్ మౌసే అన్నిటికన్నా మేలు.

పోర్టు మిగులుతుంది, నిజమే. కానీ విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడో, బయోస్‌లోనో (విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల తెర) అది సాధారణంగా పనిచేయదు. డాంగిల్ మౌస్‌తో ఆ తలనొప్పి ఉండదు. అందుకే షాపులో నేను వాడేది డాంగిల్‌దే.

రేడియేషన్ సంగతీ అడుగుతారు, అదీ జేబులో ఫోన్ పెట్టుకుని. మామూలు బ్లూటూత్ పరికరం గరిష్ఠంగా పంపేది 2.5 మిల్లీవాట్లు, ఫోన్ అంతకు ఎన్నో రెట్లు పంపగలదు. వదిలేయండి.

ఒకసారి నొక్కితే రెండుసార్లు క్లిక్ అవుతోందా? అదొక్కటి మాత్రం నిజంగా రిపేరు. లోపలి స్విచ్ అరిగింది, వైరున్న మౌస్‌కైనా వచ్చేదే. పట్టుకొచ్చేయండి, సోల్డరింగ్ చేసి మారుస్తాను. ఆ ఖర్చులో కొత్తదే వస్తుందంటే అదీ చెప్పేస్తాను.