పిడుదుల టీకా: అపోహలు – వాస్తవాలు

పిడుదుల టీకాల పరీక్షల్లో పనిచేసే పశువైద్యుల్ని ఎవరిని కదిపినా ఈ ప్రశ్న గురించే చెబుతారు: "డాక్టరు గారూ, టీకా వేయించి వారం దాటింది. చెవుల కింద, పొదుగు దగ్గర పిడుదులు అలాగే ఉన్నాయి. ఇది పనిచేయలేదు కదా?"

అడిగేవాళ్ల మీద నాకేం కోపం లేదు. రక్తం పోయి పశువు నీరసిస్తుంటే, పాలు తగ్గుతుంటే ఎవరికైనా టెన్షనే. నా చిరాకంతా "అదంతా ఉత్త నీళ్లు, నేనూ వేయించి చూశాను" అని ఊరంతా చెప్పి పక్కవాళ్లు కూడా మానేసేలా చేసేవాళ్ల మీద.

పిచికారీ మందు పిడుదును చంపుతుంది. టీకా పిడుదు జోలికే పోదు, అది పశువు రక్తంలో యాంటీబాడీలు తయారయ్యేలా చేస్తుంది. పశువుల మీద ఉండే ఒక రకం పిడుదు పేగు కణాల మీద బీఎం86 అనే ప్రొటీన్ ఉంటుందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1980ల్లో గుర్తించారు. ఈస్ట్‌లోనో బ్యాక్టీరియాలోనో తయారుచేసిన ఆ ప్రొటీన్‌నే టీకాగా ఇస్తారు. 1990ల్లో క్యూబాలో గావాక్, ఆస్ట్రేలియాలో టిక్‌గార్డ్ అనే పేర్లతో మార్కెట్లోకి వచ్చినవి ఇవే. పిడుదు ఆ పశువు రక్తం తాగితే, రక్తంతో పాటు లోపలికి వెళ్లిన యాంటీబాడీలు దాని పేగు గోడను దెబ్బతీస్తాయి. అంటే పిడుదు ముందు పట్టుకోవాలి, రక్తం తాగాలి, ఆ తర్వాతే టీకా పని మొదలవుతుంది. పట్టకుండా ఆపడం దాని పని కానే కాదు.

పరీక్షల కోసం కట్టేసిన పశువుల కింద రాలిన పిడుదుల్ని పొద్దున్నే ఏరుతాం. టీకా వేయని పశువు నుంచి రాలినవి ఆముదపు గింజల్లా నున్నగా ఉబ్బి ఉంటాయి. టీకా వేసిన పశువు దగ్గర రాలినవాటిలో కొన్ని చిన్నగా, ఎర్రగా ఉంటాయి. పేగు చిట్లి రక్తం ఒంట్లోకి కారడం వల్ల ఆ ఎరుపు. అన్నిటినీ తూచి, విడివిడిగా గొట్టాల్లో వేసి, వెచ్చగా తేమగా ఉండే ఇంక్యుబేటర్‌లో పెడతాం. కొద్ది రోజులకు, బాగా తాగి రాలిన పిడుదు గోధుమరంగు గుడ్ల కుప్ప పెడుతుంది. అందులో 2,000 గుడ్లకు పైనే ఉంటాయి. ఎర్రగా ఉన్నవాటిలో కొన్ని గుడ్లే పెట్టకుండా నల్లబడి చస్తాయి, కొన్ని ఏదో కాసిన్ని పెడతాయి. ఒకసారి చూడ్డానికి వచ్చిన ఓ పెద్దాయన రెండు గొట్టాలూ చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఈ సంగతి సూది వేసేటప్పుడే చెబితే మా పక్కింటాయన రెండో డోసు మానేసేవాడు కాదు కదయ్యా" అని కసిరారు. న్యాయమైన మాటే.

ఉదాహరణకు 100 ఆడ పిడుదులు ఒక్కొక్కటి 2,000 గుడ్లు పెడితే మేత నేల మీద 2 లక్షల గుడ్లు. టీకా వల్ల వాటిలో సగమే పూర్తిగా తాగి రాలి, అవి పెట్టే గుడ్లూ సగానికి పడిపోతే 50 వేలు. ఈ రకం పిడుదు పశువు మీద దాదాపు మూడు వారాలు ఉంటుంది, గుడ్లు పొదగడానికి మరికొన్ని వారాలు. అప్పటికే గడ్డిలో ఉన్న పిల్ల పిడుదులు ఎలాగూ ఎక్కుతూనే ఉంటాయి. కాబట్టి తేడా కనిపించేది తర్వాతి తరాల్లో, అదీ మందలో అన్నిటికీ వేస్తేనే. పది పశువుల్లో రెండింటికి వేయించి ఫలితం లేదంటే ఎలా?

బూస్టర్, అంటే మళ్లీ వేయించాల్సిన డోసు, మానేస్తే జరిగే నష్టం ఇంకా పెద్దది. బీఎం86 పిడుదు పేగులో దాగి ఉంటుంది. కాటుతో అది పశువు ఒంట్లోకి రాదు. అందుకే ఎన్ని పిడుదులు కరిచినా పశువు శరీరానికి ఆ ప్రొటీన్ గుర్తుకు రాదు, యాంటీబాడీలు నెలల్లో తగ్గిపోతాయి. మళ్లీ సూదితోనే గుర్తుచేయాలి. "కరిచి కరిచి పశువే తట్టుకుంటుందిలే" అనేవాళ్లకు కూడా ఇదే జవాబు. లాలాజలంలోని ప్రొటీన్ల విషయంలో ఆ మాట కొంత నిజం. ప్రయోగాలకు వాడే చిన్న జంతువులైన గినీ పిగ్‌లలో అలాంటి నిరోధకత వస్తుందని ట్రేగర్ అనే శాస్త్రవేత్త 1939లోనే చూపించారు. పేగు ప్రొటీన్‌కు మాత్రం అది వర్తించదు.

టీకా వేయించాం కాబట్టి మందు అక్కర్లేదనడమూ తప్పే. మందు తక్కువసార్లు వాడితే సరిపోతుంది, అంతే. మందులకు లొంగని పిడుదులు పెరుగుతున్న చోట అదే పెద్ద లాభం.

"టీకా వేయించినా థైలీరియా జ్వరం ఎందుకొచ్చింది?" పిడుదు మీద టీకా వేరు, పిడుదు మోసుకొచ్చే జబ్బు మీద టీకా వేరు. థైలీరియాకు దాని టీకా దానికే ఉంది. పైగా ఆ జబ్బును మోసేది హయలోమా జాతి పిడుదు. బీఎం86 తీసింది వేరే జాతి నుంచి. ఒక్క టీకా అన్ని పిడుదుల మీదా పనిచేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక మనుషుల సంగతి. పిడుదుల వల్ల వచ్చే మెదడువాపుకు టీకా ఐరోపాలో ఎప్పటినుంచో ఉంది, కానీ అది వైరస్ మీద. పిడుదు కాటుతో సోకే బ్యాక్టీరియా జబ్బు లైమ్ వ్యాధికి 1998లో అమెరికాలో లైమెరిక్స్ అనే టీకా వచ్చింది. మూడు డోసులకు 76 శాతం రక్షణ ఇచ్చింది. రక్తంతో పాటు వెళ్లిన యాంటీబాడీలు బ్యాక్టీరియాను పిడుదు పేగులోనే చంపేవి. కీళ్లవాతం వస్తుందన్న ప్రచారంతో జనం భయపడ్డారు. పరిశీలనలో అలాంటి ముప్పేమీ తేలలేదు, అయినా అమ్మకాలు పడిపోయి 2002లో కంపెనీ దాన్ని ఆపేసింది. పనిచేసే టీకాను పుకారు మింగేసింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పిడుదు మీదే నేరుగా పనిచేసే టీకా మనుషులకు ఇంకా రాలేదు. 2021లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిడుదు లాలాజలంలోని 19 ప్రొటీన్లను ఒంట్లోనే తయారుచేయించే ఎంఆర్‌ఎన్‌ఏ టీకా చేశారు. గినీ పిగ్‌లలో కరిచిన చోట వెంటనే ఎర్రబడింది, పిడుదులు సరిగా తాగలేక త్వరగా ఊడిపోయాయి. ఎలుకల్లో మాత్రం అంత ఫలితం రాలేదు. త్వరగా ఊడిపోతే లైమ్‌కు మేలే, ఎందుకంటే ఆ బ్యాక్టీరియా ఒంట్లోకి చేరడానికి సాధారణంగా ఒక రోజుకు పైగా పడుతుంది. కొన్ని వైరస్‌లు నిమిషాల్లోనే ఎక్కేస్తాయి, వాటికి ఈ పద్ధతి ఒక్కటే చాలదు.

అంతవరకూ పిడుదు కరిస్తే కంగారుపడి కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకండి. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిటారుగా లాగి, సబ్బుతో కడగండి. తర్వాత వారాల్లో జ్వరమో ఎర్రటి మచ్చో కనిపిస్తే, డాక్టరుకు మొట్టమొదట చెప్పాల్సింది పిడుదు కరిచిన సంగతే.