లెక్కల బిళ్లలు

"మావాడు అసలే ఒకచోట నిలవడు. ఇట్లాటోనికి హుషారెక్కించే మందేమిటికన్నా?"

బెంగళూరు మారతహళ్లిలో మా పై ఇంట్లో ఉండే హిందూపురం అమ్మాయి డాక్టర్ చీటీ చూపించి అడిగింది. ఎనిమిదేళ్ల కొడుక్కి ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవక, కుదురు లేకుండా ఉండే ఇబ్బంది) అని తేల్చి మిథైల్‌ఫెనిడేట్ రాశారు. రెండు మందుల షాపుల్లో లేదన్నారట. ఉండదు మరి. అది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి కట్టడి ఉన్న జాబితాలోది. అమ్మడానికి ప్రత్యేక లైసెన్సు, చీటీ రెండు ప్రతులు కావాలి.

1937లో రోడ్ ఐలాండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు, మెదడు పరీక్ష తర్వాత వచ్చే తలనొప్పికని 30 మంది పిల్లలకు ఇదే కోవలోని బెంజెడ్రిన్ ఇచ్చాడు. నొప్పి పెద్దగా తగ్గలేదు గానీ 14 మంది చదువులో ఇట్టే పుంజుకున్నారు. 'లెక్కల బిళ్లలు' అని పేరు పెట్టింది ఆ పిల్లలే.

మనసును అదుపులో పెట్టే పని నుదుటి వెనక ఉన్న భాగానిది. అక్కడ నాడీకణాలు డోపమిన్, నారడ్రినలిన్ అనే సందేశాలు మోసే రసాయనాలను వదిలి, వెంటనే తిరిగి లోపలికి లాక్కుంటాయి. మందు ఆ లాక్కునే దారి మూసేస్తుంది. సందేశం ఇంకాసేపు నిలుస్తుంది. అంటే హుషారెక్కేది బ్రేకుకే.

అలాగని పిల్లవాడు కుదురుకోగానే "చూశారా, జబ్బే" అనేయకూడదు. 1978లో జుడిత్ రాపపోర్ట్ బృందం ఏ ఇబ్బందీ లేని మగపిల్లలకు ఇదే కోవలోని ఆంఫెటమిన్ ఇస్తే వాళ్లకీ గెంతులు తగ్గి శ్రద్ధ పెరిగింది!

ఇక ఎదిగే మెదడు మాట. మెదడు పైపొర మందం పతాక స్థాయికి చేరేది మామూలు పిల్లల్లో దాదాపు ఏడున్నరేళ్లకు. ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో పదిన్నరకు. మందు పడేది సరిగ్గా ఈ కట్టుబడి నడుస్తుండగానే. 2016లో నెదర్లాండ్స్ పరిశోధకులు 10-12 ఏళ్ల మగపిల్లలకు 16 వారాలు మందిచ్చి, ఆపిన వారం తర్వాత చూశారు. డోపమిన్‌కు మెదడులో రక్తప్రసరణ స్పందించే తీరు మారింది. పెద్దవాళ్లలో ఆ మార్పు లేదు. అది మేలా, కీడా అన్నది ఆ ప్రయోగం తేల్చలేదు.

కంటికి కనిపించేది మాత్రం అన్నం డబ్బా. ఆకలి చచ్చి నిండుగానే తిరిగొస్తుంది. 579 మంది పిల్లలతో మొదలైన అమెరికా అధ్యయనంలో, వదలకుండా మందు వాడినవాళ్లు మూడేళ్లకు, వాడనివాళ్లకన్నా సుమారు 2 సెంటీమీటర్లు తక్కువ ఎదిగారు. అందుకే డాక్టర్లు ఎత్తూ బరువూ రాసుకుంటారు. మందు పట్టు వదిలే రాత్రివేళ కడుపునిండా పెట్టమంటారు.

"అయితే ఆదివారం బిళ్ల మానిపిస్తే సంగటి తింటాడేమో అన్నా?"

కొందరు డాక్టర్లు సెలవుల్లో ఆపమంటారు, కొందరు వద్దంటారు. చీటీ వెనకే ఆ ప్రశ్న రాసి ఇచ్చాను, ఈసారి వెళ్లినప్పుడు అడగమని.