కుక్కపిల్ల ముఖం చెప్పని జాతి, పళ్ళు చెప్పే వయసు

కుక్కపిల్లను మొదటిసారి పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళినప్పుడు ఇచ్చే టీకాల పుస్తకంలో సాధారణంగా రెండు గడులు ఉంటాయి: ఒకటి జాతి, రెండోది పుట్టిన తేదీ. షెల్టర్ నుంచి పెంపకానికి తెచ్చుకున్న పిల్ల విషయంలో ఈ రెండూ అంచనాలే. అయినా విశాఖపట్నంలో, సీతమ్మధార అపార్ట్‌మెంటు అయినా గాజువాక డాబా ఇల్లు అయినా, ఇంటిల్లిపాదీ తలలు బద్దలు కొట్టుకునేది మొదటి గడి గురించే. చెవులు వేలాడితే ల్యాబ్ (ల్యాబ్రడార్) క్రాస్ అనీ, మూతి నల్లగా ఉంటే జర్మన్ షెపర్డ్ క్రాస్ అనీ, బొచ్చు కాస్త పొడుగైతే పామరేనియన్ క్రాస్ అనీ వాచ్‌మన్ మొదలుకొని పై అంతస్తు రిటైర్డ్ మాస్టారి వరకూ తలా ఒక తీర్పు చెబుతారు. డాక్టరు రెండో గడిలో రాసిన తేదీని మాత్రం ఎవరూ మళ్ళీ చూడరు. నా మటుకు పెంపకానికి అక్కరకొచ్చేది ఆ తేదీయే. పిల్ల ఒంటిని చూసి కాస్తో కూస్తో నమ్మకంగా చెప్పగలిగేది కూడా అదే.

ముఖం చూసి జాతి చెప్పడం ఎందుకు కుదరదో అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు చాలా ఏళ్ళ కిందటే చూపించారు. 1965లో ప్రచురించిన తమ పరిశోధనలో వాళ్ళు బసెంజీ, కాకర్ స్పానియల్ జాతులను కలిపి పిల్లలను పుట్టించారు. ఆ సంకర సంతానాన్ని మళ్ళీ తమలో తాము కలిపినప్పుడు పుట్టిన రెండో తరంలో ఒక్కో పిల్లది ఒక్కో రూపం. తాతముత్తాతల పేర్లు తెలియని వాడు వాటిని చూసి ఆ రెండు జాతుల పేర్లూ చెప్పగలగడం దాదాపు అసాధ్యం. కారణం జన్యువుల్లో ఉంది. కుక్కకు సుమారు 20 వేల జన్యువులు ఉన్నా, మన కంటికి జాతిగా కనిపించే లక్షణాల్లో చాలావాటిని గుప్పెడు జన్యువులే నడిపిస్తాయి. ఒళ్ళు చిన్నదవడంలో ఐజీఎఫ్1 అనే జన్యువుది పెద్ద పాత్ర అని 2007లో తేలింది. బొచ్చు పొడుగా పొట్టా, నున్ననా గిరజాలా, మూతి మీద మీసం ఉందా లేదా అన్న తేడాల్లో అత్యధిక భాగం మూడే మూడు జన్యువుల వల్ల వస్తుందని 2009లో తేలింది. అంటే బొచ్చు పొడుగైనంత మాత్రాన పామరేనియన్ రక్తం ఉన్నట్టు కాదు. ఒక చిన్న జన్యు మార్పు తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ చేరిందని మాత్రమే అర్థం. వెనక కాళ్ళకు అదనపు గోరు ఉండి మొత్తం ఇరవై గోళ్ళయితే మేలు జాతి అనే మాట అక్కడక్కడ వినిపిస్తుంది. అదీ ఒక జన్యువు పరిసరాల్లోని మార్పు వల్ల వచ్చేదే. ఇక నాలుక మీద నల్లమచ్చ ఉంటే, నీలి నలుపు నాలుక ఉండే చౌచౌ జాతి పోలిక అంటారు గానీ, అలాంటి మచ్చలు ఎన్నో జాతుల్లో ఉంటాయి. నాలుక మీద మచ్చ ఉన్నవాళ్ళు అన్నది జరుగుతుందని నమ్మే మనకు కుక్క నాలుక కూడా ఏదో చెబుతున్నట్టు అనిపించడంలో వింత లేదు.

అనుభవం ఉన్నవారి కన్ను కూడా దీనికి అతీతం కాదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో కుక్కలతో పని చేసే 900 మందికి పైగా వ్యక్తులకు 20 సంకర కుక్కలను చూపించి జాతి అడిగారు. వాటిలో 14 కుక్కల విషయంలో డీఎన్‌ఏ పరీక్షతో సరిపోయిన జవాబు చెప్పినవారు సగం మంది కూడా లేరు. అమెరికా షెల్టర్లలోని 900కు పైగా కుక్కల మీద 2018లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, సిబ్బంది ఒక్క జాతినైనా సరిగ్గా పట్టుకున్నది మూడింట రెండు వంతుల కుక్కల్లో. ఒకటికి మించి జాతులు చెప్పాల్సి వచ్చేసరికి ఆ ఫలితం పదో వంతుకు పడిపోయింది.

అయితే అవి జాతి కుక్కలు ఎక్కువగా ఉన్న దేశపు లెక్కలు. మన దగ్గర అసలు ప్రశ్నే సగం తప్పు. జాతి అంటూ చిట్టాలు రాసి, బయటి కుక్కలను కలవనీయకుండా ఆ వంశంలోనే పిల్లలను పుట్టించే పద్ధతి ఇంగ్లండులో 19వ శతాబ్దంలో స్థిరపడింది. అక్కడి కెన్నెల్ క్లబ్ పుట్టింది 1873లో. మన వీధి కుక్కల వంశం అంతకంటే వేల ఏళ్ళు పాతది. అవి ఏవో రెండు జాతులు కలిసి ఏర్పడిన మిశ్రమం కాదు, జాతులుగా విడగొట్టక ముందు నుంచీ ఊళ్ళను అంటిపెట్టుకుని బతుకుతున్న సమూహం. గోధుమ రంగు పొట్టి బొచ్చు, నిక్కిన చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక, సన్నని పొట్ట, అన్నీ మన వాతావరణంలో మనుషుల ఎంపిక లేకుండా నిలిచినవి. నగరంలో వదిలేసిన ల్యాబులూ, స్పిట్జ్‌లూ ఉన్నాయి కనుక వాటి రక్తం వీధుల్లో కలవలేదని చెప్పలేం. కానీ వేలాడే చెవులు కనిపించగానే ల్యాబును తలచుకోవడం తొందరపాటు, ఎందుకంటే నాలుగైదు నెలలు నిండేదాకా దేశీ పిల్లల చెవులు కూడా వేలాడవచ్చు. పళ్ళు మారే రోజుల్లో ఒకటి లేచి ఒకటి వాలి ఉండడం మామూలే. డీఎన్‌ఏ పరీక్ష చేయిద్దామంటే, ఆ పరీక్ష పిల్ల నమూనాను తన దగ్గర ఉన్న జాతుల నమూనాలతో పోలుస్తుంది. మన ఊరకుక్కల నమూనాలు ఆ జాబితాలో లేకపోతే ఉన్నవాటిలో దగ్గరివేవో నాలుగు పేర్లు శాతాలతో సహా వచ్చేస్తాయి. డబ్బు పెట్టి కొనుక్కున్న ఊహ అది.

తెలుగు నేలకు తనదైన కుక్క లేదని కూడా అనుకోనక్కర్లేదు. కొల్లేరు చుట్టుపక్కల, గోదావరి జిల్లాల్లో వేటకూ, బాతుల మందల కాపలాకూ వాడిన జోనంగి మనదే. అతి పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు, నేలలో గుంత తవ్వుకుని పడుకునే అలవాటు దాని గుర్తులు. మట్టి తవ్వే ప్రతి పిల్లా జోనంగి అని మాత్రం అనుకోవద్దు!

జాతి తెలిస్తే స్వభావం తెలుస్తుందన్నది ఈ ఆరాటం వెనక ఉన్న ఆశ. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నించి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను చదివింది. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేల్చింది.

కాబట్టి జాతి సంగతి వదిలేసి, వయసు తెలుసుకోవడానికి పిల్లను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, పై పెదవిని బొటనవేలితో మెల్లగా ఎత్తి చూడండి. మూడో వారం దాటాక పాలపళ్ళు రావడం మొదలై, సుమారు ఎనిమిది వారాలకు 28 పళ్ళూ వస్తాయి. సూది మొనల్లాంటి ఆ కోరపళ్ళు చీర కుచ్చెళ్ళను ఏం చేస్తాయో చెప్పనక్కర్లేదు. మూడు నుంచి నాలుగు నెలల మధ్య ముందరి నడిమి పళ్ళు ఊడి, వాటి చోట వెడల్పైన కొత్త పళ్ళు వస్తాయి. కోరలు మారేది అయిదారు నెలలకు. ఏడో నెలకు మొత్తం 42 శాశ్వత దంతాలు ఉండాలి. కొత్త కోర వచ్చినా పాత కోర ఊడకుండా పక్కనే నిలబడి ఉంటే డాక్టరుకు చూపించాలి, లేకపోతే కొత్త పన్ను వంకరపోతుంది. ఎనిమిది, పన్నెండు వారాల మధ్య మాత్రం పళ్ళలో పెద్ద మార్పు కనిపించదు. అక్కడ రుతువు కొంత సాయం చేస్తుంది: మన వీధి కుక్కలు ఎక్కువగా వానాకాలం చివర్లో జతకడతాయి, గర్భం సుమారు 63 రోజులు, కనుక పిల్లలు ఎక్కువగా చలికాలంలో పుడతాయి.

వారాల లెక్క ఇంత పట్టుదలగా ఎందుకంటే, టీకాలు దాని మీదే నడుస్తాయి. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పదార్థాలు పిల్ల రక్తంలో ఉన్నంతకాలం పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బుల టీకాలను పని చేయనీయకపోవచ్చు. అవి ఎప్పుడు తగ్గుతాయో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు. అందుకే ఆరెనిమిది వారాలకు మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. వయసును ఒక నెల ఎక్కువగా అంచనా కడితే ఆఖరి మోతాదు ముందే పడిపోయి, పుస్తకంలో అన్ని సంతకాలూ ఉన్నా పిల్లకు రక్షణ ఉండకపోవచ్చు. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలకు. అంతకు ముందు పిల్ల పన్ను గీరుకుని రక్తం వస్తే, పసిది కదా అని ఊరుకోకుండా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి ఆస్పత్రికి వెళ్ళవలసిందే.

ఇదే కాలంలో మరో గడియారం కూడా నడుస్తుంది. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా చూసిన మనుషులను, విన్న శబ్దాలను పిల్ల లోకంలో భాగంగా ఒప్పుకుంటుంది. ఆ తర్వాత ఎదురైన కొత్తదానికి ముందుగా భయపడుతుంది. టీకాలన్నీ అయ్యేదాకా గది దాటనివ్వకపోతే ఆ అవకాశం చేజారిపోతుంది. మొదటి టీకా పడిన వారం తర్వాత జాగ్రత్తగా లోకాన్ని చూపించవచ్చని జంతు ప్రవర్తన నిపుణులైన పశువైద్యుల మాట. నేల మీద దించకుండా చేతుల్లో ఎత్తుకుని బీచ్ రోడ్డుకు తీసుకెళ్ళండి. అలల హోరు, ముంత మసాలా బండి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, పరుగెత్తే పిల్లలు, అన్నీ దూరం నుంచి చాలు. దీపావళి బాణసంచాకూ, నౌకాదళ విన్యాసాల రోజుల్లో నెత్తి మీదుగా దూసుకెళ్ళే జెట్ విమానాలకూ ఈ ఊళ్ళో కుక్క అలవాటు పడక తప్పదు. మంద్రమైన రికార్డింగుతో మొదలుపెట్టి, తిండి పెడుతూ శబ్దం పెంచుకుంటూ పోవడం మంచిది.

తిండి విషయంలో అన్నం కుక్కకు పరాయిది కాదు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్‌కు సంబంధించిన జన్యువు తోడేలులో రెండే ప్రతులు ఉంటే చాలా కుక్కల్లో అంతకు ఎన్నో రెట్లు ఉన్నట్టు 2013లో తేలింది. అయితే పెరిగే పిల్లకు కిలో బరువుకు పెద్ద కుక్క కంటే దాదాపు రెట్టింపు శక్తి, దానికి తగ్గ మాంసకృత్తులు, కాల్షియం కావాలి. ఉత్త పెరుగన్నంతో అవి అందవు. గుడ్డు, ఉడికించిన కోడిమాంసం కలపాలి. ఎముకలు ఉడికితే పెళుసుగా విరిగి పేగులను చీలుస్తాయి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర పెట్టకూడదు, ద్రాక్ష, కిస్మిస్ అసలే వద్దు.

వేసవిలో విశాఖ ఉక్కపోత లోపలి ఊళ్ళ ఎండ కన్నా మోసకారి. కుక్క ప్రధానంగా నాలుక చాపి రొప్పుతూ, తడి ఆవిరైపోవడం ద్వారా చల్లబడుతుంది. గాలిలోనే తేమ నిండి ఉంటే ఆ ఆవిరి నెమ్మదిస్తుంది. నడక తెల్లవారకముందే ముగించాలి. ఇదే తేమలో గోమార్లూ పెరుగుతాయి. ఎర్లికియా, బబీసియా లాంటి జ్వరాలను మోసుకొచ్చే ఈ పురుగులు రక్తం తాగాక కుక్కను వదిలి గోడ పగుళ్ళలో, మంచం కోళ్ళ వెనక వేలల్లో గుడ్లు పెడతాయి. అందువల్ల మందు పిల్ల మెడ మీద వేసి ఊరుకుంటే సరిపోదు, అది పడుకునే మూలనూ, గోడ అంచులనూ కూడా డాక్టరు చెప్పిన మందుతో శుభ్రం చేయాలి.