వేవిళ్ల నాటి గాలి

కడుపుతో ఉన్న అమ్మాయి మీద ఇంటిల్లిపాదికీ శ్రద్ధ పెరిగేది ఐదో నెల నుంచే. సీమంతం నాటికైతే కాలు కింద పెట్టనివ్వరు. బిడ్డ గుండె అప్పటిదాకా ఎదురుచూడదు. నెల తప్పిన వారానికే, చాలామందికి ఇంకా అనుమానం కూడా రాకముందే, అది కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పటికది సన్నటి గొట్టం మాత్రమే. ఆ గొట్టం మెలి తిరుగుతుంది, లోపల గోడలు లేస్తాయి, నాలుగు గదులు ఏర్పడతాయి. పైనున్న పెద్ద నాళం నిలువునా రెండుగా విడిపోయి, ఒకటి ఊపిరితిత్తులకు, ఇంకొకటి ఒంటికి దారి అవుతుంది. మూడో నెల మొదట్లోనే ఈ పని దాదాపు అయిపోతుంది. ‘గుండెలో రంధ్రం’ అంటే ఎక్కడో చిల్లు పడిందనుకుంటాం గానీ, నిజానికి అది కట్టడం మధ్యలో ఆగిపోయిన గోడ.

వెయ్యి మంది శిశువుల్లో 8 నుంచి 10 మంది గుండె లోపంతో పుడుతున్నారు. జన్యువులు, తల్లికున్న షుగర్, తొలి నెలల్లో సోకే రుబెల్లా వైరస్, కొన్ని మందులు దీనికి కారణం కావచ్చు. చాలామందిలో మాత్రం ఏ కారణమూ దొరకదు. అందుకే శాస్త్రవేత్తలు గాలి మీద దృష్టి పెట్టారు.

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బియాటే రిట్జ్ బృందం, దక్షిణ కాలిఫోర్నియాలో 1987–1993 మధ్య పుట్టిన పిల్లల వివరాలను అక్కడి గాలి కొలతలతో పోల్చి చూసింది. గర్భం రెండో నెలలో కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్ ఎక్కువగా పీల్చిన తల్లుల బిడ్డల్లో కొన్ని రకాల గుండె లోపాలు ఎక్కువగా కనిపించాయని 2002లో ప్రకటించింది. గాలి బాగా పాడైన చోట్ల ముప్పు దాదాపు మూడు రెట్లు. ఆ అంకె కంటే ‘రెండో నెల’ అన్న మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. గుండె తయారయ్యేది సరిగ్గా అప్పుడే కదా!

తర్వాత వేరే చోట్ల చేసిన అధ్యయనాలన్నీ ఇదే మాట చెప్పలేదు. ఒక్కో చోట ఒక్కో వాయువుతో, ఒక్కో లోపంతో సంబంధం కనిపించింది. కాబట్టి ఫలానా బిడ్డ గుండె లోపానికి గాలే కారణమని వేలెత్తి చూపలేం. అయినా అనుమానానికి ఆధారముంది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో బిడ్డకు అందాల్సిన ఆక్సిజన్ తగ్గుతుంది. తల్లి పీల్చిన మసి రేణువులు మాయలో (ప్లాసెంటాలో) బిడ్డవైపుకు కూడా చేరుతున్నాయని 2019లో బెల్జియం పరిశోధకులు చూపించారు.

మన ఊళ్లలో వంటకు గ్యాస్ వచ్చినా, పెరట్లో నీళ్ల పొయ్యి చాలా ఇళ్లలో కట్టెలతోనే మండుతోంది. తెల్లారకముందే దాని ముందు కూర్చుని ఊదేది చాలాసార్లు కొత్త కోడలే. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడూ ఉంటుంది, మసీ ఉంటుంది. బిడ్డ కావాలనుకున్న రోజు నుంచే ఆ పని ఇంకొకరు అందుకోవాలి. నెల తప్పాక చూద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది.

బిడ్డకు లోపం ఉందని తెలియగానే గ్రహణంలో బయటికొచ్చావనో, బొప్పాయి తిన్నావనో తల్లినే అంటారు. పాపం, ఆ నిందలో ఏ నిజమూ లేదు. ఊరంతా పీల్చే గాలినే ఆమె కూడా పీల్చింది. ఇంట్లోవాళ్లు చేయాల్సింది 18–22 వారాల మధ్య, బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ తప్పకుండా చేయించడం, గుండె గదులు సరిగ్గా ఉన్నాయా అని డాక్టర్‌ను అడగడం. అనుమానముంటే ఫీటల్ ఎకో, అంటే కడుపులోని బిడ్డ గుండెకు ప్రత్యేకమైన స్కాన్, చేస్తారు. ముందే తెలిస్తే, పసిపిల్లలకు గుండె ఆపరేషన్ చేసే ఆసుపత్రికి దగ్గర్లోనే కాన్పు ఏర్పాటు చేసుకోవచ్చు.