బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత నరాల జబ్బులు: అపోహలు - వాస్తవాలు

నేను భీమవరంలో నరాల వైద్యం చేస్తాను. బరువు తగ్గే ఆపరేషన్‌ను నేను తప్పుపట్టను. దానివల్ల షుగరు అదుపులోకి వచ్చినవారిని, మోకాళ్ల నొప్పులు తగ్గి హాయిగా నడుస్తున్నవారిని చూశాను. నా దగ్గరికి మాత్రం ఆపరేషన్ బాగానే జరిగి, బరువూ తగ్గి, ఆ తర్వాత నడక తప్పినవారు వస్తారు. ఇంట్లో ఒక్కరికి ముందే తెలిసి ఉంటే చాలామందికి ఆ కష్టం వచ్చేది కాదు.

అపోహ: ఆపరేషన్ తర్వాత వాంతులు అందరికీ అవుతాయి, వాటంతటవే తగ్గుతాయి.

వాస్తవం: మొదట్లో కొద్ది రోజులు వికారం ఉండవచ్చు. వారం దాటినా తిన్నది నిలవడం లేదంటే వెంటనే చూపించాలి. బి1 విటమిన్, అంటే థయమిన్, మన ఒంట్లో ఉండే నిల్వ సుమారు 30 మిల్లీగ్రాములే. లోపలికి వెళ్లేది ఆగితే అది రెండు మూడు వారాల్లో ఖర్చయిపోతుంది. సరిగ్గా అప్పుడే మన ఇళ్లలో గంజి, కొబ్బరినీళ్లు పడతారు. వడ్లలోని థయమిన్ ఎక్కువగా తవుడుతోనే పోతుంది, తెల్లటి బియ్యంలో మిగిలేది కొంచెమే. ఒకప్పుడు ఈ కోస్తా జిల్లాల్లో థయమిన్ లోటుతో వచ్చే బెరిబెరి జబ్బు ఉండటానికి కారణం అదే.

చేపల చెరువులు చేసే రైతు భార్యను ఆపరేషనైన నెలన్నరకు తీసుకొచ్చారు. ఇరవై రోజులుగా వాంతులు. పైన ఫ్యాను రెండుగా కనిపిస్తోందన్నారు. నా వేలిని చూడమంటే కనుగుడ్లు పక్కకు తిరగలేక అదురుతున్నాయి. లేచి నిలబడమంటే కాళ్లు ఎడంగా పెట్టి మంచం పట్టుకున్నారు. పొద్దున ఏం తిన్నారని అడిగాను. ఎప్పుడో పోయిన అమ్మ వచ్చి ఇడ్లీ పెట్టిందని చెప్పారు. ఇవన్నీ థయమిన్ అడుగంటిన గుర్తులే. "నీరసమే కదండీ అని మూడు రోజులు ఇంట్లోనే గ్లూకోజ్ పెట్టించాం" అన్నారు భర్త.

అపోహ: గ్లూకోజ్ ఎక్కిస్తే ఓపిక వస్తుంది.

వాస్తవం: ఈ ఒక్క సంగతి ఊళ్లో సెలైన్ పెట్టే ప్రతి ఒక్కరికీ తెలియాలని నా కోరిక. గ్లూకోజ్‌ను శక్తిగా మార్చడానికి థయమిన్ కావాలి. అది అడుగంటిన మనిషికి ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. ముందు థయమిన్ ఇవ్వాలి, అదీ రక్తనాళంలోకి ఇంజెక్షన్‌గా. వాంతులయ్యేవారికి మాత్ర నిలవదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకూడదు.

అపోహ: చేపలు, రొయ్యలు తినే మాకు బి12 లోటు రాదు.

వాస్తవం: పులస తిన్నా సరే, అందులోని బి12 ఒంటికి పట్టాలంటే కడుపులోని ఆమ్లం, కడుపు గోడ తయారుచేసే ఒక ప్రోటీన్ కావాలి. బరువు తగ్గే ఆపరేషన్లలో స్లీవ్ అనేదానిలో కడుపును సుమారు ముప్పాతిక వంతు తీసేస్తారు. బైపాస్ అనే మరో రకంలో తిండి కడుపులో ఎక్కువ భాగాన్ని తాకకుండానే పోతుంది. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి ఈ లోటు కొన్నేళ్లకు గానీ బయటపడదు, అప్పటికి ఆపరేషన్ సంగతే మరిచిపోయి ఉంటారు. అరికాళ్లు మొద్దుబారతాయి, కళ్లు మూసుకుని ముఖం కడుక్కుంటుంటే తూలుతారు. ఒట్టి ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడితే ఈ లోటుతో వచ్చే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల వెన్నుపాము దెబ్బతింటూనే ఉంటుంది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మా భీమవరంలోనే పుట్టారు. ఆ మందు గొప్పదే, బి12కు బదులు మాత్రం కాదు. జింకు మాత్రలు సొంతంగా ఎక్కువ వాడినా ఒంట్లో రాగి (కాపర్) లోటు వచ్చి ఇదే రకం తూలే నడక వస్తుంది.

అపోహ: పాదం పైకి లేవకపోతే పక్షవాతమే.

వాస్తవం: కాకపోవచ్చు. బరువు వేగంగా తగ్గినప్పుడు మోకాలి బయటివైపు నరానికి కొవ్వు అండ పోతుంది. బాసింపట్టు వేసుకుని ఎక్కువసేపు కూర్చుంటే అది నలుగుతుంది. ఆ కూర్చోవడం మానుకుంటే చాలామందికి తగ్గుతుంది.

అపోహ: థయమిన్ మందు పడ్డాక అంతా మామూలైపోతుంది.

వాస్తవం: కళ్లు కొద్ది రోజుల్లోనే సర్దుకోవచ్చు. నడక, జ్ఞాపకశక్తి నెలలు తీసుకుంటాయి, కొందరికి పూర్తిగా రావు. ఆ రైతు భార్యకు చూపు వారంలో కుదురుకుంది. రెండేళ్లయినా చెరువు గట్టు మీద చేతికర్ర లేకుండా నడవలేరు. తలంటుకునేటప్పుడు స్టూలు మీద కూర్చుంటారు. చెప్పు జారినా తెలియదు కాబట్టి వెనక పట్టీ ఉన్నవి వేసుకుంటారు, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకుంటారు. ఆపరేషన్ పేరు, తేదీ, "గ్లూకోజ్‌కు ముందు థయమిన్ ఇవ్వండి" అన్న మాట రాసి ఇచ్చిన చీటీ ఆమె పర్సులో ఆధార్ కార్డుతో పాటే ఉంటుంది.