ఓపెన్ గ్రౌండ్‌లో క్రైస్తవ సంగీత సభ: సౌండ్ గురించి అపోహలు, వాస్తవాలు

అందరికీ వందనాలు. చలికాలం వచ్చిందంటే మా వైపు గ్రౌండ్లలో ఏటా జరిగే సంగీత సభలు మొదలవుతాయి, నేను సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చునే మనిషిని, ప్రతి ఏడూ కమిటీ వాళ్ళతో ఇవే మాటలు మాట్లాడాల్సి వస్తోంది కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నా.

అపోహ: గ్రౌండ్ పెద్దదైతే స్టేజి దగ్గర స్పీకర్ బాక్సులు పెంచితే చాలు.

చాలదండీ. ఓపెన్‌లో మామూలు బాక్సు నుంచి దూరం రెట్టింపయిన ప్రతిసారీ సౌండ్ సుమారు 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) పడిపోతుంది, అంటే 10 మీటర్ల దగ్గర కూర్చున్నవాళ్ళకంటే 80 మీటర్ల దగ్గరున్నవాళ్ళకి 18 డెసిబెల్స్ తక్కువ. వెనక వాళ్ళ కోసం పెంచితే ముందు వరస పిల్లల చెవులు పోతాయి. మధ్యలో ఇంకో జత బాక్సులు నిలబెట్టాలి, వాటికి డిలే వెయ్యాలి, అంటే వాటి సౌండ్ కాస్త ఆలస్యంగా వచ్చేలా చెయ్యాలి. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 345 మీటర్లే వెళ్తుంది, వైర్‌లో సిగ్నల్ మాత్రం వెంటనే వచ్చేస్తుంది, కాబట్టి 70 మీటర్ల దగ్గర పెట్టిన బాక్సుని 200 మిల్లీసెకన్లు ఆపకపోతే ఒకే మాట రెండుసార్లు వినపడి "యేసయ్యా" కాస్తా "యేసయ్యా సయ్యా" అవుతుంది. ఒక ఏడాది నేను కూడా డిలే సరిగ్గా వెయ్యలేదు, సభ అయ్యాక వెనక కూర్చున్న ఒక మామ్మ వచ్చి "రాగం వినపడింది గానీ మాట తెలియలేదు బాబూ" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అపోహ: మధ్యాహ్నం చెక్ చేసుకుంటే రాత్రంతా అదే సెట్టింగ్.

మధ్యాహ్నం నేల వేడికి శబ్దం పైకి వంగిపోతుంది, రాత్రి నేల చల్లబడ్డాక కిందకి వంగి చాలా దూరం పోతుంది, అందుకే తొమ్మిదింటికి పక్క ఊరి వాళ్ళకి కూడా వినపడుతుంది. జనం నిండాక సౌండ్ ఇంకో రకంగా ఉంటుంది. మంచు పడితే తబలా చర్మం సడలి శ్రుతి దిగిపోతుంది, కీబోర్డ్ దిగదు కదా, రెండూ కలవవు. వాయించే టైమ్ వచ్చేదాకా తబలాని గుడ్డ కప్పి ఉంచండి, పాటకీ పాటకీ మధ్య శ్రుతి చూసుకోడానికి ఒక నిమిషం ఇవ్వండి.

అపోహ: దేవుని పాటలే కదా, పది దాటినా ఎవరూ ఏమీ అనరు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు అన్ని మతాలకీ ఒకటే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, పండగలకి ప్రభుత్వం 12 దాకా సడలించొచ్చు గానీ అది కూడా ఏడాదిలో 15 రోజులు మించకూడదు. మామూలు టైమ్‌లో కూడా లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక పర్మిషన్ ఉండాలి. రూల్ సంగతి అలా ఉంచండి, పక్క వీధిలో టెన్త్ పరీక్షలకి చదువుకునే పిల్లలుంటారు, వాళ్ళని ఇబ్బంది పెట్టి మనం ఏ ప్రేమని ప్రకటిస్తాం?

జనరేటర్ ఒకటుంటే చాలు అనేవాళ్ళకి ఒక్క మాట: ఎర్తింగ్ లేకపోతే తడి స్టేజి మీద మైక్ పట్టుకున్నవాళ్ళకి షాక్ కొడుతుంది, ప్రాణం మీదకి వస్తుంది.

అపోహ: గ్రౌండ్‌లో స్టేజి వేసి దేవుని పాటలు పాడడం, ఇదంతా ఫారిన్ నుంచి వచ్చిన ఫ్యాషన్.

పెద్ద స్టేజి మీద జరిగే క్రైస్తవ సంగీత పండగలు అక్కడ కూడా పాతవే, అమెరికా కెంటకీలో ఇక్తస్ 1970లో, ఇంగ్లండ్‌లో గ్రీన్‌బెల్ట్ 1974లో ఒక పొలంలో మొదలయ్యాయి. కానీ మన పాట అంతకంటే ముందుది. పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలోనే కర్ణాటక రాగాల్లో క్రైస్తవ కీర్తనలు రాశారు, మన కీర్తనల పుస్తకంలో చాలా పాటల మీద రాగం, తాళం ఇప్పటికీ వేసి ఉంటాయి. అవి సాహిత్యం కోసం పుట్టిన పాటలు, డ్రమ్స్ కింద చరణం మునిగిపోతే పాట పాడనట్టే లెక్క. నేను మిక్సర్‌లో ముందు పాడేవాళ్ళ గొంతు సరి చేసి ఆ తర్వాతే మిగతా వాయిద్యాల సౌండ్ ఎత్తుతాను.

ఇంకోటి, జనం రాకముందు చివరి వరసలో కూర్చుని స్టేజి మీద ఎవరిచేతనైనా బైబిల్ చదివించి వినండి. 23వ కీర్తన మాత్రం వద్దు, అది అందరికీ నోటికి వచ్చు కాబట్టి వినపడకపోయినా వినపడినట్టే ఉంటుంది. ఎవరికీ నోటికి రాని అధ్యాయం ఏదైనా చదవమనండి.