ఎంబీబీఎస్ విద్యార్థి చేతికి ప్రోబ్ ఎందుకు రాలేదు?

ఎంబీబీఎస్‌లోనే అల్ట్రాసౌండ్ చేయడం, అంటే ఒంటికి ఆనించి లోపలి భాగాలను తెర మీద చూపే ప్రోబ్‌ను వాడటం నేర్పాలా వద్దా అన్న వాదన మళ్లీ రాజుకుంది. నేర్పి తీరాలని ఎమర్జెన్సీ డాక్టర్లు పట్టుబడుతున్నారు. అంత తొందరేం వచ్చిందని కొందరు రేడియాలజిస్టులు అడుగుతున్నారు. కడుపులో ఉన్నది ఆడపిల్లని స్కానింగ్‌లో తెలుసుకుని తీయించేయడాన్ని ఆపడానికే 1994లో లింగ నిర్ధారణ నిషేధ చట్టం వచ్చింది. ఇవాళ్టి పీటముడి పడింది మాత్రం 2014 జనవరి 9న.

ఆ రోజు కేంద్రం ఈ చట్టం కింద ఆరు నెలల శిక్షణ నిబంధనలను నోటిఫై చేసింది. ఎంబీబీఎస్ డాక్టర్ స్కానింగ్ పెట్టుకోవాలంటే 300 గంటల శిక్షణ తీసుకోవాలి, లాగ్‌బుక్ రాయాలి, పరీక్ష పాసవ్వాలి. అప్పటికే రిజిస్టరై స్కానింగ్ చేస్తున్నవాళ్లకు శిక్షణ మినహాయించారు గానీ పరీక్ష తప్పలేదు. పని రానివాళ్లు మిషన్ ముందు కూర్చోకూడదన్న ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ ఐదున్నరేళ్ల కోర్సులో ఈ పని రాదని ప్రభుత్వమే ఒప్పేసుకున్నట్టయింది. ఎలాగూ డిగ్రీ అయ్యాక నేర్పుతారు కదా అని కాలేజీలూ ఊరుకున్నాయి. అమెరికాలో సౌత్ కరోలినా యూనివర్సిటీ 2006 నుంచే నాలుగేళ్ల వైద్య కోర్సు పొడవునా అల్ట్రాసౌండ్ నేర్పుతోంది.

నేర్పమంటున్నది కడుపులో బిడ్డను చూడటం కాదు. యాక్సిడెంట్ కేసు వస్తుంది, బీపీ పడిపోతుంటుంది. కుడివైపు పక్కటెముకల మధ్య ప్రోబ్ ఆనించి కాలేయానికీ మూత్రపిండానికీ మధ్య చూస్తారు. అక్కడ నల్లటి చార కనిపిస్తే లోపల రక్తం చేరిందని అనుమానం, ఇక సర్జన్‌కి ఫోనే. చేయి తిరిగినవాళ్లకు ఇది కొద్ది నిమిషాల పని. రాత్రి డ్యూటీలో ఉండేదేమో ఎంబీబీఎస్ చివర్లో శిక్షణలో ఉన్న హౌస్ సర్జన్. అంతకుముందు ప్రోబ్ పట్టుకోనివాళ్లకు అది అప్పటికప్పుడు ఎలా వస్తుంది?

మరి కాలేజీలకు భయమెందుకు? దానికి ఆ చట్టానికి 2003లో చేసిన సవరణ దగ్గరికి వెళ్లాలి. 1991లో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు 945 మంది ఆడపిల్లలుంటే 2001 జనగణనలో 927 మందే తేలారు. చట్టం సరిగా అమలు కావట్లేదంటూ అప్పటికే సుప్రీంకోర్టులో కేసు నడుస్తోంది. సవరణతో చట్టం పట్టు మిషన్ మీదా, మిషన్ అమ్మేవాళ్ల మీదా కూడా బిగిసింది. గర్భిణికి స్కాన్ చేసిన ప్రతిసారీ ఫారం ఎఫ్ నింపాలి: ఎంతమంది కొడుకులు, ఎంతమంది కూతుళ్లు, ఎవరు పంపారు, ఎందుకు చేశారు. అందులో లోపముంటే, తప్పు చేయలేదని నిరూపించుకోవాల్సింది డాక్టరే. మొదటిసారి దొరికితే మూడేళ్ల దాకా జైలు. 2012లో పోర్టబుల్ మిషన్ల మీదా ఆంక్షలొచ్చాయి. ఎమర్జెన్సీలో ఎక్కువ అక్కరకొచ్చేవి అవే.

2016 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఒక దారి చూపింది. రేడియాలజిస్టుల సంఘం సహా పలువురు వేసిన పిటిషన్ల మీద ఆరు నెలల శిక్షణ షరతును కొట్టేసింది. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. మిషన్‌ను గర్భస్థ పరీక్షలకు వాడబోమని హామీ ఇచ్చి, తీసిన ప్రతి స్కాన్ బొమ్మనూ భద్రపరిచే ‘సైలెంట్ అబ్జర్వర్’ లాంటి పరికరం పెట్టుకుంటే చాలు, రిజిస్ట్రేషన్ తప్పకపోయినా మిగతా నిబంధనల బరువు తగ్గుతుందని చెప్పింది. విద్యార్థులకు నేర్పడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు మరోటి రాలేదు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. 2019 మేలో గైనకాలజిస్టుల సంఘాల సమాఖ్య ఫోగ్సీ వేసిన కేసులోనూ, రికార్డుల్లో పొరపాట్లను చిన్న తప్పులుగా చూడలేమంది.

ఆడపిల్లల హక్కుల కోసం పోరాడే సంఘాల మాట: సైలెంట్ అబ్జర్వర్ బొమ్మను భద్రపరుస్తుంది గానీ డాక్టర్ నోటిమాటను రికార్డు చేయదు. నిజమే. స్కానింగ్ తెలిసిన చేతులు పెరిగేకొద్దీ నిఘా కష్టమవుతుందన్నది వాళ్ల భయం.

2019లో అమల్లోకొచ్చిన కొత్త ఎంబీబీఎస్ సిలబస్‌లో రేడియాలజీ కింద ఈ చట్టాన్ని చదవాలని రాశారు. అంటే మిషన్ ముట్టుకుంటే ఏమవుతుందో విద్యార్థికి చెబుతున్నారు, ముట్టుకోవడం మాత్రం నేర్పడం లేదు. బోధనాసుపత్రుల్లో రిజిస్టరైన మిషన్లు ఉన్నాయి, అర్హతున్న డాక్టర్లూ ఉన్నారు. వాళ్లు పక్కన నిలబడి ఉండగా, గర్భిణి కాని రోగి మీద విద్యార్థి ప్రోబ్ పెట్టొచ్చా లేదా అన్నది కేంద్ర ఆరోగ్య శాఖ సూటిగా రాసిస్తే ఈ వాదనలో సగం అక్కడే తేలిపోతుంది.